కూడళ్ళు లేని ఊరు

మా ఆయన ఊళ్ళు కడతారు. నిజం ఊళ్ళు కాదు. నిజం ఊరి సంగతి చూడమని మున్సిపాలిటీ ఆయనకు జీతం ఇస్తుంది, ప్లానింగ్ ఆఫీసరు అనే పేరూ ఇచ్చింది. ఆ పని ఫైళ్ళలో దాని మానాన అది నెమ్మదిగా జరుగుతూ ఉంటుంది. ఆయన మనసు పెట్టి కట్టేది కంప్యూటర్లో. రోమన్ల కాలం నాటి ఊరు. ఒక నది, పక్కన ఖాళీ నేల, చేతిలో కాస్త సొమ్ము ఇచ్చి, ఇక కట్టుకో నాయనా అంటారు. రోడ్లు వేయాలి, ఇళ్ళకు జాగా చూపాలి, కొండల మీది నుంచి నీళ్ళు తేవాలి, గుళ్ళు కట్టాలి. అన్నీ కుదిరితే గుడిసెలు వాటంతటవే పెంకుటిళ్ళవుతాయి, పెంకుటిళ్ళు మేడలవుతాయి. కుదరకపోతే మేడలు తిరిగి గుడిసెలవుతాయి, జనం సామాను తోపుడు బండిలో వేసుకుని ఊరు విడిచి వెళ్ళిపోతారు.

అది ఆట. కానీ ఆ మాట మా ఇంట్లో అనకూడదు. "ఆట కాదు, శిక్షణ" అని మా ఆయన కోప్పడతారు.

శిక్షణ ఎందుకైందంటే, కొత్తగా వచ్చిన కమిషనర్ గారు ఏదో సదస్సులో దాన్ని చూసి ముచ్చటపడ్డారు. ఊరు ఎలా కట్టాలో మొత్తం ఇందులోనే ఉందట. ఆయన తిరిగొచ్చిన వారానికే ప్లానింగ్ సెక్షన్ కంప్యూటర్లన్నిటిలో రోమ్ వెలిసింది. అప్పటిదాకా భోజనాల వేళ దొంగచాటుగా పేకాట ఆడుకున్న ఆఫీసు, ఆ రోజు నుంచి అధికారికంగా, పొద్దున్నే హాజరు వేసుకుని మరీ ఆడడం మొదలుపెట్టింది. ఇంటి ప్లాను మంజూరు కోసం కిటికీ దగ్గర నిలబడిన మనిషికి, "ఆగండి సార్, ఇక్కడ ఊరు తగలబడుతోంది" అని జవాబు వచ్చేది. ఆ మనిషి కంగారుపడి బయటికి పరిగెత్తి ఏ వైపు పొగ వస్తోందో అని వెతుక్కునేవాడు.

ఇంట్లో కూడా ఒక రోమ్ ఉండేది. ఆదివారం మధ్యాహ్నం ముందు గదిలో బల్ల మీద. పక్కన కుర్చీ వేసుకుని మా అత్తగారు. ఆవిడకు కళ్ళద్దాలు ముక్కు చివర ఉంటాయి, అభిప్రాయాలు నాలుక చివర. ఆ ఆటలో రోడ్డు మీద పోయే ఏ మనిషి మీద నొక్కినా ఆగి తన కష్టం చెప్తాడు. అత్తగారికి నచ్చింది అదొక్కటే.

"ఆ బుట్టావిడ మీద నొక్కరా."

మా ఆయన నొక్కేవారు. ఈ వీధిలో తినడానికి ఏమీ లేదు మొర్రో అనేది బుట్టావిడ.

"అయ్యో తల్లీ. ఆ బట్టతలాయన మీద నొక్కు."

పని దొరకడం లేదు అనేవాడు బట్టతలాయన.

"పాపం. ఒరేయ్, ఇదేదో బాగుందిరా. ఇలా నొక్కితే అలా చెప్పేస్తున్నారు. మీ ఆఫీసులో కూడా ఇలాంటిది పెట్టకూడదూ?"

"మా ఆఫీసులో నొక్కక్కర్లేదమ్మా. వాళ్ళే వచ్చి చెప్తారు."

"మరి మీరు వింటారా?"

మా ఆయన వినపడనట్టు గుడికి స్తంభాలు ఎంచుకునేవారు.

ఇక నా సంగతి. నాదొక కుట్టు దుకాణం. మా వార్డు అంచున నాలుగు రోడ్లు కలిసే చోట, మూల మీద ఉంటుంది. వాటిలో రెండు మా వార్డు లోపలి వీధులు. మూడోది బజారుకు పోతుంది, నాలుగోది బస్టాండుకు. దుకాణంలో ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, దారపు ఉండలు పెట్టుకునే ఒక బిస్కెట్ల డబ్బా. కొత్త బట్టలు కుట్టడం తక్కువే. జిప్పులు మార్చడం, ప్యాంట్లు పొట్టి చేయడం, పొట్ట పెరిగినవాళ్ళకు నడుము వదులు చేసి ఆ సంగతి వాళ్ళావిడకు కూడా చెప్పకపోవడం, ఇవీ నా పనులు. ఇలాంటి పనికి ఎవరూ పనిగట్టుకుని రారు. దారిన పోతూ ఆగుతారు. బజారుకు వెళ్తూ ఇచ్చిపోతారు, బస్సు దిగి వస్తూ తీసుకుపోతారు. నాకు అన్నం పెట్టేది ఆ కూడలే.

ఊళ్ళో నా పేరు ఎవరికీ తెలియదు. కూడలి టైలరమ్మ అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా దారి చూపిస్తారు. అత్తగారు కొత్తవాళ్ళకు నన్ను చూపించి "మా కూడలి కోడలు" అని నవ్వేవారు. ఇంట్లో నేను ఒకరి భార్యను, ఒకరి కోడలిని. ఆ మూల మీద మాత్రం నేను నేనే. ఆ దుకాణమంటే నాకు ప్రాణం. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

ఒక ఆదివారం మా ఆయన కుర్చీలోంచి గభాల్న లేచారు.

"దొరికిందే!"

"ఏమిటి, నిన్న పోయిన తాళంచెవా?"

"ఊరు ఎందుకు బాగుపడట్లేదో దొరికింది. కూడళ్ళు! అంతా కూడళ్ళ వల్లే."

నేనూ అత్తగారూ చెరో పక్కన చేరాం. ఆయన తెర మీద వేలు పెట్టి చూపించారు. "ఈ బుట్టావిడ చూడు. అంగట్లోంచి బయల్దేరుతుంది. ఎవరి గుమ్మం ముందు నుంచి నడిస్తే వాళ్ళకి తిండి అందినట్టు. బాగుంది కదా? కూడలి దగ్గరికొచ్చేసరికి ఎటు తిరుగుతుందో ఎవ్వరూ చెప్పలేరు. ఆవిడ ఇష్టం. అటు పోయిందనుకో, ఇటువాళ్ళకి పస్తు. వైద్యుడూ అంతే, ఇంజినీరూ అంతే. ఇంజినీరు నడవని వీధిలో ఇళ్ళు పడిపోతాయి."

"అయితే ఏం చేస్తారు?"

"కూడళ్ళు తీసేస్తా. ఒకటే రోడ్డు. చుట్టూ తిరిగి మళ్ళీ మొదటికే రావాలి. బయల్దేరినవాడు ప్రతి గుమ్మం ముందు నుంచీ పోవాల్సిందే. అసలు మనిషికి ఎటు పోవాలో ఎంచుకునే వీలు ఇచ్చామంటే ఊరు చెడిందన్నమాటే."

"దారి తప్పినవాడు ఏం చేస్తాడ్రా మరి?" అన్నారు అత్తగారు.

"ఒకటే దారి ఉంటే ఎలా తప్పుతాడమ్మా!"

ఎంత తెలివైన మాట అనుకున్నాం. ముగ్గురం నవ్వుకున్నాం కూడా.

కూడళ్ళు తీసేసిన దగ్గర్నుంచి ఆయన రోమ్ దశ తిరిగింది. ఇళ్ళన్నీ పాలరాతి మేడలయ్యాయి. ఆఫీసులో పోటీ పెడితే మా ఆయన ఊరే గెలిచింది. కమిషనర్ గారు అందరి ముందూ చేయి కలిపి, "వండర్‌ఫుల్! ఇదే మోడల్లో ఒక నిజం వార్డు తయారు చేద్దాం, మీరే చూసుకోండి. మీరుండే వార్డయితే సూపర్‌విజన్‌కి ఈజీ" అన్నారట. ఆదర్శ వార్డు ప్రత్యేకాధికారి అని కొత్త బోర్డు వచ్చింది. ఆయన పాత కుర్చీ పోయి తిరిగే కుర్చీ వచ్చింది. నేనూ పొంగిపోయాను. ఆ రోజు ఆయన చొక్కాలన్నిటికీ వదులుగా ఉన్న గుండీలు బిగించి కుట్టాను.

మొదట వార్డుకు అవతలి చివర పెద్ద ఆర్చి లేచింది, గుండ్రటి స్తంభాలతో. తర్వాత వీధి కుళాయికి నాలుగు స్తంభాలు పెట్టారు. ఆ స్తంభాల మధ్య బిందె పట్టడం మానేసింది. ఆ పైన చేప నోళ్ళు తెరుచుకున్న రాతి ఫౌంటెన్ ఒకటి. ఆటలో ఫౌంటెన్ పక్కన ఇళ్ళకు విలువ పెరుగుతుందట. మా దగ్గర విలువ పెరగడం మేమెవరం చూడలేదు కానీ ఇంటిపన్ను పెరిగింది. "నీళ్ళెప్పుడొస్తాయండీ?" అని వీధివాళ్ళు అడిగితే, నీళ్ళు లేని ఆ ఫౌంటెన్ ముందు నిలబడి మా ఆయన నీళ్ళు నమిలారు.

ఇదంతా నాకు వినోదంగానే ఉండేది. ఒక రోజు పొద్దున దుకాణం తీయడానికి వెళ్ళేసరికి బజారు రోడ్డు మొదట్లో ఇటుకలు పేరుస్తున్నారు. బస్టాండు రోడ్డుకు అప్పటికే నడుమెత్తు గోడ లేచింది.

"ఇదేంటి మేస్త్రీ?"

"కూడలి తీసేస్తున్నామమ్మా. పెద్దసారు ఆర్డరు."

"ఎవరా పెద్దసారు?"

మేస్త్రీ తాపీ ఆపి నా మొహంలోకి చూశాడు. "మీ ఆయనేగా అమ్మా."

దుకాణం తాళం కూడా తీయకుండా ఇంటికొచ్చాను. మా ఆయన బూట్లకు పాలిష్ పెట్టుకుంటున్నారు.

"నా కూడలికి గోడ కట్టిస్తున్నారా?"

"నీ కూడలి ఏంటి? అది మున్సిపాలిటీది. చెప్దామనే అనుకున్నా. నాలుగు రోజులు ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత నువ్వే మెచ్చుకుంటావు. ఇకనుంచి వార్డులో ఏ మనిషి బయల్దేరినా నీ దుకాణం ముందు నుంచి పోక తప్పదు."

"వార్డులో వాళ్ళు కాదండీ నాకు బేరాలు! బజారుకి పోయేవాళ్ళు, బస్సు దిగేవాళ్ళు. వాళ్ళు ఎలా వస్తారు?"

"ఆర్చిలోంచి రావచ్చు."

"ఒక జిప్పు కోసం ఊరంతా చుట్టి వస్తారా?"

"అలవాటు చేసుకోవాలి" అన్నారు ఆయన, పాలిష్ డబ్బా మూత పెడుతూ. అంతసేపూ నేను గోడకు చెప్పుకున్నట్టే అయింది. ఆ గోడ ఇంకా పూర్తి కూడా కాలేదు.

గోడలు పూర్తయ్యాక నా మూల చచ్చిపోయింది. పొద్దున్నే తలుపు తీసి కూర్చుంటే ఎదురుగా ఇటుకలు. గోడ అవతల బజారు గోల వినిపించేది, బస్సు హారన్లు వినిపించేవి, ఒక్క మనిషి కనిపించడు. నా పాత బేరం ఒక బస్సు కండక్టరు. చిల్లర బరువుకు ఆయన ప్యాంటు జేబులు తరచూ చిరుగుతాయి. గోడ కట్టిన కొత్తలో ఒకసారి "టైలరమ్మా, పట్టుకో!" అన్న కేక వినిపించింది. తలెత్తేలోపే ఒక ప్యాంటు గోడ దాటి వచ్చి నా నెత్తిన పడింది. జేబు కుట్టి మళ్ళీ గోడ మీంచి విసిరాను. అది ఎవరో పెద్దమనిషి భుజం మీద పడిందట. ఆయన ఫిర్యాదు చేశారు. ఆదర్శ వార్డు గోడల మీదుగా బట్టలు విసరరాదు అని బోర్డు పెట్టారు. కింద సంతకం మా ఆయనది.

ఇంట్లో చెప్తే లాభం లేదని ఆఫీసుకే వెళ్ళాను. అందరితోపాటు కిటికీ ముందు వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి అవతల ఆయనే.

"నువ్వా! ఇక్కడెందుకు? ఇంట్లో మాట్లాడుకుందాం."

"ఇంట్లో మీరు రోమ్‌లో ఉంటారు."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మొహం ఎర్రబడింది. "సరే, నీ సమస్య నోట్ చేసుకున్నా. దీనికి శిక్షణలోనే పరిష్కారం ఉంది" అన్నారు.

ఆ పరిష్కారం లారీలో వచ్చింది. విగ్రహం. ఆటలో దిగులుగా ఉన్న ఇంటి పక్కన విగ్రహం పెడితే ఇంటికి కళ వస్తుందట. ఎవరో రోమన్ ప్రభువు, ఒంటికి దుప్పటి చుట్టుకుని, ఒక చేయి ముందుకు చాపి నిలబడ్డాడు. ఆ చేయి సరిగ్గా బజారు వైపు చూపిస్తోంది, వేళ్ళు గోడకు ఆనుకున్నాయి. ఒక్క కుట్టు కూడా లేని బట్ట కట్టుకున్న మనిషిని తెచ్చి టైలరు దుకాణం పక్కన నిలబెట్టిన ఘనత మా ఆయనకే దక్కాలి.

ఆ సాయంత్రం విగ్రహం నీడలో కూర్చుని ఏడ్చాను. ఎదుట కుట్టడానికి ఏమీ లేదు. మిషను మీద దుమ్ము పడుతుంటే తుడవడం, మళ్ళీ పడితే మళ్ళీ తుడవడం. మా అన్నయ్య ఇల్లు బస్టాండు అవతల, పెద్ద రోడ్డు మీద ఉంది. వాళ్ళ వసారాలో మిషను వేసుకుంటానని కబురు పంపాను. రమ్మన్నాడు. రావడమంటే మిషను ఒక్కటే రావడం కాదని వాడికీ అర్థమైంది, నాకూ అర్థమైంది.

ఆ మాట చెప్తే మా ఆయన నమ్మలేదు. "ప్రారంభోత్సవం అవనీ. అప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం" అన్నారు.

అత్తగారు మాత్రం చీర కొంగు దోపి లేచారు. "నేనూ వస్తానమ్మాయ్. వాడికి నేనెందుకు? అన్నం బుట్టావిడ పెడుతుందిగా. తోపుడు బండి ఒకటి మాట్లాడు. ప్రారంభోత్సవం రోజే పోదాం."

"ఆ రోజే ఎందుకత్తయ్యా?"

"ఆ రోజైతేనే వాడు కంప్యూటర్లోంచి తలెత్తుతాడు."

నాకు నిజంగానే వెళ్ళిపోవాలని ఉంది. అత్తగారికి వెళ్ళడం మీద ఎంత మనసుందో తెలియదు కానీ, వెళ్ళేటప్పుడు నలుగురూ చూడాలన్న సరదా మాత్రం ఉంది.

ఆ రోజు ఆర్చికి రంగు కాగితాలు కట్టారు. వేదిక ఎక్కడ వేద్దామని చాలా చర్చ జరిగిందట. ఫొటోలో స్తంభాలు రావాలని కమిషనర్ గారు కోరారు. అందుకని సరిగ్గా ఆర్చి కిందే, ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా వేదిక వేశారు. వార్డుకు మిగిలిన ఒకే ఒక్క దారికి అడ్డంగా. పిలిచిన పెద్దలు పక్క సందులోంచి పొట్ట లోపలికి పీల్చుకుని ఒక్కొక్కరే దూరి వచ్చారు.

మిషను, ఇస్త్రీ బల్ల, దారాల డబ్బా బండి మీద పెట్టాం. నేను తోస్తున్నాను, అత్తగారు చేతిసంచితో వెనక నడుస్తున్నారు. సగం వార్డు చుట్టి వేదిక దగ్గరికి వచ్చేసరికి కమిషనర్ గారు మైకు ముందు ఉన్నారు. బండి పోవడానికి జాగా లేదు. నేను ఆగబోతే ఎర్ర బ్యాడ్జీ పెట్టుకున్న ఒకాయన పరిగెత్తుకొచ్చాడు. "ఇక్కడ ఆగొద్దమ్మా, ముందుకెళ్ళండి, ముందుకెళ్ళండి."

"బయటికి పోవాలి బాబూ."

"మీటింగ్ అయ్యాక. ఇప్పుడు కదలండి."

ఆగకూడదు, బయటికి పోకూడదు. మిగిలింది ముందుకు పోవడమే. బండి తిప్పి వేదిక ముందు నుంచి సాగిపోయాం. సరిగ్గా అప్పుడే కమిషనర్ గారి కళ్ళు మా మీద పడ్డాయి. ఆయన మొహం వెలిగిపోయింది.

"చూడండి, చూడండి! ఇంకా రిబ్బన్ కూడా కట్ చేయలేదు, అప్పుడే కొత్త జనం బండ్లతో వచ్చేస్తున్నారు!"

పెద్దలు చప్పట్లు కొట్టారు. ఆ ఆటలో ఒక చిత్రం ఉంది. ఊళ్ళోకి వచ్చేవాడిదీ అదే తోపుడు బండి, వెళ్ళిపోయేవాడిదీ అదే బండి. కమిషనర్ గారికి ఎక్కడో అనుమానం తగిలినట్టుంది. పక్కన ఉన్న మా ఆయన వైపు వంగి, "వస్తున్నవాళ్ళేనా?" అని అడిగారు. మైకు దగ్గరే ఉంది కాబట్టి వీధి మొత్తానికి వినిపించింది.

మా ఆయన నన్ను చూశారు. బండి మీద మిషను చూశారు. వెనక వాళ్ళమ్మను చూశారు.

"అవును సార్. వస్తున్నారు."

నాకు ఒళ్ళు మండింది. కాసేపటికి మంట చల్లారింది, బాధ మిగిలింది. గోడ కట్టినప్పుడు కూడా అంత బాధ కలగలేదు. గోడ కట్టేటప్పుడు ఆయనకు నేను కనిపించలేదు, సరే. ఇప్పుడు కళ్ళెదురుగా చూసి ఆ మాట అన్నారు. బండి తోస్తుంటే చక్రాలు కూడా కనిపించలేదు, కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

కూడళ్ళు లేని రోడ్డు ఎక్కడికి పోతుంది? చుట్టూ తిరిగి మళ్ళీ వేదిక దగ్గరికే వచ్చింది. ఈసారి మా వెనక ఇంకొందరు చేరారు. పాలు పోసే ఆయన బయటికి పోయే దారి మేం కనిపెట్టామనుకుని సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడు. ఇద్దరు పిల్లలు ఊరేగింపనుకుని చేరారు.

"పెరుగుతున్నారు! జనాభా పెరుగుతోంది!" అన్నారు కమిషనర్ గారు మైకులో. మళ్ళీ చప్పట్లు.

మూడోసారి వచ్చేసరికి చప్పట్లు లేవు. కమిషనర్ గారు ప్రసంగం ఆపి కళ్ళు చికిలించి చూశారు.

"ఈ మిషను ఇందాక కూడా చూశాం కదూ? అసలు వీళ్ళు వస్తున్నారా, పోతున్నారా?"

మా ఆయన గోడ మీద పిల్లిలా అటు కమిషనర్‌ను, ఇటు నన్ను చూస్తున్నారు. అప్పుడు అత్తగారు చేతిసంచి బండి మీద పెట్టి తిన్నగా వేదిక అంచుకు వెళ్ళారు. కొడుకు ముందు నిలబడి, కళ్ళద్దాల మీంచి పైకి చూశారు.

"నొక్కరా."

"అమ్మా, ఇప్పుడు కాదు..."

"ఊరూ పేరూ లేని బుట్టావిడ మీద ఆదివారమంతా నొక్కావు. ఒక్కసారి నా మీద నొక్కు. మీ ఆవిడ మీద నొక్కు. మా కష్టమేంటో మేమూ చెప్తాం."

మా ఆయన తల దించుకున్నారు. తర్వాత మైకు తన వైపు తిప్పుకున్నారు. అది ఎందుకు తిప్పుకున్నారో ఆయనకే తెలియదేమో.

"వెళ్ళిపోతున్నారు సార్. దారి దొరకట్లేదు."

"ఎవరు వీళ్ళు?"

"మా ఆవిడ సార్. మా అమ్మ."

పెద్దలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కమిషనర్ గారు గొంతు తగ్గించారు, మైకు మాత్రం తగ్గలేదు.

"శిక్షణలో ఇలా అయితే ఏం చేస్తారయ్యా?"

"పాత ఊరు సేవ్ చేసుకుని ఉంటుంది సార్. అది మళ్ళీ తెరుస్తాం."

"అయితే తెరవండి!"

"ఇక్కడ సేవ్ చేసుకోలేదు సార్."

కమిషనర్ గారికి ఏం చేయాలో పాలుపోలేదు. ఫొటోగ్రాఫర్లు స్తంభాలను వదిలేసి మా బండిని తీస్తున్నారు. వేదిక తీయిద్దామంటే సభ ఆగిపోతుంది. మేం ఇంకో చుట్టు తిరిగితే పరువు పోతుంది. "ముందు వీళ్ళని పంపించెయ్యండి. ఎక్కడో ఒక చోట గోడ పగలగొట్టి పంపించండి. ఇది నా ఆర్డరు" అన్నారు.

మా ఆయన వేదిక దిగి వచ్చారు. నా చేతుల పక్కన చేతులు పెట్టి బండి తోయసాగారు. నేను వద్దనలేదు, రమ్మనీ అనలేదు. ఆ రోడ్డు వేయించాక ఆయన దాని మీద నడవడం అదే మొదలు, ఎప్పుడూ జీపులోనే కదా. బిందెలు పట్టని కుళాయి దాటాం, ఎండిన చేపలు దాటాం. ఆయన దేని వైపూ చూడలేకపోయారు. వెనక నుంచి అత్తగారు, "ఇంజినీరు నడిచాడు, ఇక ఇళ్ళు పడిపోవులే" అన్నారు.

నా మూల దగ్గర మేస్త్రీ గడ్డపార తెచ్చాడు. మా ఆయన అది తీసుకుని బజారు రోడ్డు గోడ మీద మొదటి దెబ్బ వేశారు. ఏమీ కాలేదు. ఆయన ఆయాసపడడం చూసి మేస్త్రీ జాలిపడి గడ్డపార అందుకున్నాడు. ఆదర్శ వార్డు గోడకు సిమెంటు ఏ పాళ్ళలో కలిపారో గానీ, సరిగ్గా తగిలేసరికి గలగలా రాలిపోయింది. దుమ్ము అణిగాక అవతల బజారు కనిపించింది. కండక్టరు మడిచిన ప్యాంటు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తెరిచారా టైలరమ్మా? జేబు మళ్ళీ పోయింది."

ఆయన వెనక గొడుగు పట్టుకుని ఒకావిడ, స్కూలు సంచి పట్టుకుని ఇంకొకావిడ. దారిన పోతూ ఆగినవాళ్ళే.

మా ఆయన బండి పట్టుకునే ఉన్నారు. చొక్కా నిండా ఇటుక పొడి. "ఇదిగో దారి" అన్నారు. ఆ తర్వాతి మాట చాలా చిన్నగా వచ్చింది. "వెళ్తావా?"

నేను కండక్టరు చేతిలో ప్యాంటు తీసుకున్నాను. "దారి ఉన్నప్పుడు వెళ్ళాల్సిన పనేముందండీ?" అన్నాను. "మిషను దించండి."

అదే వారంలో ఆఫీసులో ఆర్డరు టైపయింది. ఊరు విడిచి వెళ్ళువారి సౌకర్యార్థం గోడ తెరవడమైనది, వారు వెళ్ళిన వెంటనే తిరిగి మూయవలెను అని. కమిషనర్ గారు ఊరికే మరిచిపోయే మనిషి కాదు. నెల తిరిగేసరికల్లా పై నుంచి ఒక కాగితం వస్తుంది, వెళ్ళారా లేదా అని.

మా ఆయన ఇప్పుడు నడిచే ఆఫీసుకు వెళ్తున్నారు. పొద్దున్నే నా మూల దగ్గర ఆగి, విగ్రహం చాపిన చేతికి టిఫిను డబ్బా తగిలించి, బూటు లేసు కట్టుకుంటారు. మొన్న కూడా ఆగారు.

"మళ్ళీ కాగితం వచ్చింది" అన్నారు.

"ఏమని రాశారు?"

"వెళ్తున్నారు అని రాశా."

నేను సూదిలో దారం ఎక్కిస్తూ సరే అన్నాను.